ఫీజు రాబట్టడానికి తిరిగిన ఏడాది

నల్లగొండ బస్టాండులో పాసులిచ్చే కిటికీ వెనక కూర్చున్న గుమస్తా నన్ను పైనుంచి కిందికి చూసి అన్న మాట నేను ఇంకా మరిచిపోలేదు.

"మీకెందుకమ్మా ఇది? గిట్టుబాటు కాదు. ఎప్పుడూ తిరిగేటోళ్లకు పనికొస్తది."

తొంభైల మొదట్లో సంగతి. ఏడాదికోసారి ఫీజు కడితే బస్సుల వాళ్లు ఒక కార్డు ఇచ్చేవారు. అది చూపిస్తే ఏ ఊరికి పోయినా టికెట్‌లో పదో వంతు తగ్గించేవారు. నేను ఊరికే వివరాలు కనుక్కుందామని వెళ్లాను. తీసుకోవాలన్న ఆలోచన సగమే ఉండింది. ఆయన మాటతో మిగతా సగం కూడా వచ్చేసింది. నేను తిరిగే మనిషిని కానని ఆయనకెవరు చెప్పారు? నా చెప్పులు చూసి కనిపెట్టాడా? అక్కడికక్కడే పర్సు తీసి డబ్బు కిటికీలో పెట్టాను.

ఫొటో కావాలంటే పక్క సందులోని స్టూడియోకు పోయి దిగి, సాయంత్రం తెచ్చిచ్చాను. ఆయన దాన్ని కార్డుకు అంటించి ముద్ర సరిగ్గా నా ముక్కు మీద వేశాడు. మూలకు వేయడానికి కావలసినంత జాగా ఉంది. ఆ ఏడంతా ప్రతి కండక్టరూ ఆ కార్డును వెలుతురుకు పట్టి, దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడంటే అది ఆ గుమస్తా పుణ్యమే.

ఇంటికి వచ్చి చూపిస్తే మా ఆయన నవ్వాడు. ఆయన కరెంటాఫీసులో క్లర్కు. లెక్కలు తొందరగా వేస్తాడు.

"నువ్వు బడికి నడిచే పోతవు. చర్చికి నడిచే పోతవు. ఇగ ఈ కార్డు ఏం జేస్తవు, దండెం మీద ఆరేస్తవా?"

"బస్సులెక్కుతా. ఫీజు మొత్తం రాబడ్తా, సూడు."

"పది రూపాయల టికెట్‌ల రూపాయి తగ్గుతది. ఆ రూపాయి కోసం తొమ్మిది ఖర్చు పెట్టాలె. నాకు కార్డు లేదాయె, నాది నిండు టికెట్టు. పిల్లది అర టికెట్టు. గిది ఎక్కడి లాభమే?"

లెక్క తప్పు కాదు. చెప్పిన తీరు తప్పు. అది కూడా నాకు గుర్తుంది.

నా ముఖం చూడకుండా, "గంతగనం తిరగాలనుంటే పాలమూరు పోదాం, మా అక్క దగ్గరికి. దూరం టికెట్టు. ఫీజు జల్ది వస్తది" అన్నాడు.

పాలమూరు తప్ప ఎక్కడికైనా సరే అన్నాను.

ఇక్కడ మా వదినె సంగతి చెప్పాలి. మా ఆయనకు తోడబుట్టింది ఆమె ఒక్కతే. తల్లి చిన్నప్పుడే పోతే ఆయన్ను చంకనెత్తుకొని పెంచింది ఆమే. ఎనభైలలో, మా పెళ్లయిన కొత్తలో, మొదటిసారి వాళ్లింటికి పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ వెళ్లాం. నేను నాలుగు రోజులుందామని మంచి చీరలన్నీ సర్దుకొని వెళ్లాను. మధ్యాహ్నం తిని చేయి కడుక్కుంటుంటే వంటింట్లోంచి ఆమె గొంతు వినిపించింది. "నల్లగొండకు ఆఖరు బస్సు నాలుగింటికే. సూసుకోండ్రి."

నేను సంచీ విప్పనేలేదు. నాలుగింటి బస్సుకే వచ్చేశాం. ఆ తర్వాత నేను ఆ గడప తొక్కలేదు. రమ్మని ఆమె కబురు పెట్టలేదు, మా ఇంటికి తానూ రాలేదు. మా ఆయన మాత్రం ఏడాదికి ఒకటి రెండుసార్లు ఒక్కడే పోయి, పల్లీల సంచీతో దిగేవాడు. అక్కడి ముచ్చట ఆయన చెప్పేవాడు కాదు, నేను అడిగేదాన్ని కాదు. నన్ను వెంటబెట్టుకొని తన అక్క ఇంటికి పోవాలని ఆయనకు ఎంతగా ఉండేదో నాకు తెలుసు. తెలిసినా, నాలుగింటి బస్సు నాలుగింటి బస్సే.

అందుకని ముందు నకిరేకల్ పోయాం. అక్కడ మా పిన్ని ఉంది. "ఏమే, తొవ్వ తప్పినావు?" అంది గుమ్మంలోనే. నేను సమాధానం వెతుక్కుంటుండగా మా ఐదేళ్ల బిడ్డ, "అమ్మకు ఫీజు రావాలంట, అందుకే వచ్చినం అమ్మమ్మా" అని చెప్పేసింది. మా పిన్ని పడీపడీ నవ్వి, ఆ సాయంత్రానికి వాడంతా చెప్పి వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడు పోయినా ఆ వాడలో ఆడవాళ్లు, "ఎంతవరకొచ్చింది టీచరమ్మా, ఫీజు?" అని అడిగేవాళ్లు. ఇది కూడా నేను మరిచిపోలేదు. కానీ చెప్పొద్దూ, ఆ రోజు పిన్ని వండిన కోడికూర కూడా మరిచిపోలేదు.

తర్వాత మర్రిగూడలో మా పెద్దమ్మ. అక్కడి నీళ్లలో ఫ్లోరైడు కాబట్టి వెంట నీళ్ల డబ్బా మోసుకొని పోయి, కందులతో తిరిగి వచ్చాం. తర్వాత హాలియాలో నాతో పనిచేసే టీచరమ్మ పుట్టిల్లు. అది వానకాలం, కాలువ నిండా నీళ్లు. ఆఫీసులో ఫైళ్ల మీద తల ఎత్తని మా ఆయన, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి దిగినవాడు, కాసేపటికి అంగీ విప్పి ఒడ్డు మీదికి విసిరి ఈత కొట్టాడు. ఆయనకు ఈత వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. పిల్లది ఒడ్డున గంతులేసింది. ఆ తడి బట్టలతోనే బస్సెక్కితే కండక్టరు సీటు తడుస్తుందని సణిగాడు. నేను కార్డు తీసి చూపించాను. కార్డుకూ తడి సీటుకూ ఏ సంబంధమూ లేదు. అయినా కండక్టరు ఊరుకున్నాడు.

నాకు బస్సంటే ఇష్టమని ముప్పై దాటాక తెలిసింది. డ్రైవరు వెనక కిటికీ సీటు దొరికితే చాలు, ఎక్కడికి పోతున్నామో కూడా పట్టేది కాదు. ఆదివారాలు చర్చిలో మా బెంచీ ఖాళీగా ఉండడం చూసి పాస్టరు గారు, "ఏం టీచరమ్మా, ప్రార్థన గూడ బస్సుల్నే చేసుకుంటున్నరా?" అన్నారు, అందరి ముందర. సరే, ఆయన్ను కూడా రాసిపెట్టుకున్నాను.

ఇప్పుడు బ్యాంకుల నుంచి ఫోన్లు వస్తుంటాయి. ఏడాదికి వేలల్లో ఫీజు కట్టే కార్డులట. విమానాశ్రయంలో మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి భోజనం పెడతారట, హోటళ్లలో తగ్గిస్తారట, ఖర్చు పెట్టిన కొద్దీ పాయింట్లు వస్తాయట. "మీకు చాలా లాభం మేడం" అంటుంది ఆ అమ్మాయి. నేను ఒకటే అడుగుతాను. కార్డు లేకపోయినా ఆ ప్రయాణాలు చేసేవాళ్లమేనా? చేసేవాళ్లమైతే ఫీజు కట్టొచ్చు, తప్పకుండా మిగులుతుంది. కార్డుంది కదా అని బయల్దేరే మనిషికి మాత్రం డబ్బు మిగలదు. మిగిలితే ఇంకేదో మిగలాలి. నా కార్డు సంగతి రెండోరకం. మేం ఎక్కడికి పోయినా అరటిపళ్లు, మిక్చరు, బ్రెడ్డు కొనుక్కొని పోయేవాళ్లం. ఆ ఖర్చు మా ఆయన లెక్కలో కలపకుండా దయచూపాడు.

ఎండాకాలం సెలవులొచ్చేసరికి కార్డు గడువు దగ్గరపడింది. టికెట్లన్నీ తీగకు గుచ్చి గోడకు వేలాడదీశాను. ఒకరోజు మా ఆయన వాటిని తీసి కూడాడు.

"ఇంక కొంచెం తక్కువైంది."

"నకిరేకల్ ఇంకోసారి పోతే?"

"నాలుగుసార్లు పోవాలె. ఇంక మూడు రోజులే ఉన్నయి." ఆయన టికెట్లను మళ్లీ తీగకు గుచ్చాడు. "దూరం ఊరైతే ఒక్కసారి పోయి వస్తే సరిపోతది."

ఏ ఊరో ఆయన చెప్పలేదు. నేను ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఒకవైపు గుమస్తా, ఇంకోవైపు వదినె. ఇద్దరిలో ఎవరో ఒకరి ముందు ఓడిపోక తప్పదు. గుమస్తా కిటికీ నేను రోజూ బడికి పోయే దారిలో ఉంది. వదినె కనీసం దూరాన ఉంది. రాత్రి పడుకునే ముందు, తెల్లారి పాలమూరు పోదామన్నాను.  పొద్దున లేచేసరికి మా ఆయన తన అంగీ, నా చీర, పిల్లదాని గౌను ఇస్త్రీ చేసి పెట్టాడు.

దేవరకొండ, కల్వకుర్తి మీదుగా పోయింది బస్సు. కండక్టరు కార్డు చూసి, "గీ ఫొటోల ఉన్నది మీరేనా?" అన్నాడు.

"ముద్ర కింద నేనే ఉన్న. సూడు."

వదినె జొన్నరొట్టెలు చేస్తోంది. మమ్మల్ని చూసి పిండి చేతులతోనే లేచి నిలబడింది. ముందు తమ్ముణ్ని, తర్వాత పిల్లదాన్ని, ఆ తర్వాత నన్ను చూసింది.

"దొరికిందా తొవ్వ?"

"కార్డు కోసం వచ్చిన వదినె. రేపటితోని అయిపోతది. రేపే పోత" అన్నాను. ఆమె బస్సు మాట ఎత్తకముందే నేనే ఎత్తాలని దారంతా అనుకుంటూ వచ్చాను.

"పోతే పో. ఎవరు పట్టుకున్నరు నిన్ను?"

"అప్పుడు గూడ ఎవరూ పట్టుకోలే."

"ఎప్పుడు?"

"నాలుగింటి బస్సప్పుడు."

ఆమె మళ్లీ పీట మీద కూర్చుని రొట్టె తట్టడం మొదలుపెట్టింది. ఏ బస్సు అని అడగలేదు. ఆమెకూ బాగా గుర్తుంది.

"నువ్వే గదనే గంటకు పదిసార్లు చేతి గడియారం సూసినవు? కొత్త పిల్ల, బస్సు పోతదని బుగులు పడ్తున్నదేమోనని చెప్పిన."

"నేను సూడలే."

"సూసినవు. నీ ఎదురుంగ కూసున్న నేను."

"అది పెండ్లిల పెట్టిన గడియారం. కొత్తది. సూసుకోవద్దా?"

"గట్ల చెప్పు మరి. సూసినవా, లేదా?"

నేను ఈ రోజుకూ ఒప్పుకోను. గడియారం చూసుకోవడం వేరు, టైము చూడడం వేరు. ఆ మాటే అన్నాను. ఆమె రొట్టె పెనం మీద వేసి, "టైము వేరంట, గడియారం వేరంట. గిట్లనే చెప్తున్నవా బడిల పిల్లలకు?" అంది. మా ఆయన గడపలో కూర్చుని పల్లీలు ఒలుస్తున్నాడు. ఆయన భుజాలు కదులుతుంటే నవ్వుతున్నాడని తెలిసింది.

అక్కడితో ఆగలేదు. మా పెళ్లిలో తనకు పెట్టిన చీర బూడిద రంగుదని వదినె అంది. అది మబ్బు రంగని నేనన్నాను. పాప పుట్టినప్పుడు చూడ్డానికి రాలేదని నేనన్నాను. పోస్టుకార్డు ముక్క మీద రెండు లైన్లు రాస్తే ఎవరొస్తారని ఆమె అంది. ఇద్దరం రొట్టెలు చేస్తూ, తింటూ, గిన్నెలు తోముతూ ఒక్కో సంగతీ బయటికి తీశాం. ఆమెకు ఆ చీర అంచు రంగు గుర్తుంది, నాలుగింటి బస్సు రోజు నేను అన్నంలో కలుపుకున్న పచ్చడి కూడా గుర్తుంది. అంతకాలం నేను ఎవరి ముందు ఏ బాధ చెప్పుకున్నా "పోనియ్, గవన్నీ ఎందుకు" అనేవాళ్లే. పోనియ్ అనని మనిషి నాకు జీవితంలో మొదటిసారి దొరికింది. పొద్దుగూకే సరికి నా గొంతు బొంగురుపోయింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మర్నాడు మధ్యాహ్నం సంచీ సర్దాను. ఆ రోజు తిరిగి వస్తేనే ఫీజు వస్తుంది. వదినె కొల్లాపూర్ మామిడిపళ్లు బుట్టెడు ముందర పెట్టుకొని కోస్తోంది.

"ఇయ్యాలనే పోవాల్నా?"

"ఇయ్యాల్టితోని అయిపోతది గద కార్డు."

"ఎంత తగ్గుతదే? ఆ పైసలు నేనిస్త. ఉండు."

"నీ పైసలు నాకెందుకు?"

"మరింకేం కావాలె నీకు?"

 మా ఆయన పెరట్లో తీగ మీది అంగీ తీసి వేసుకున్నాడు. ఒక గుండీ పెట్టుకొని ఆగాడు. రెండోది పెట్టుకోలేదు. నా వైపు చూడకుండా గోడ మీది కాకిని చూస్తూ నిలబడ్డాడు. ఏడేళ్లు ఒక్కడే వచ్చి ఒక్కడే పోయిన మనిషి.

"గిన్ని పండ్లు కోసినంక ఇడిచిపెట్టి పోతే ఖరాబైతయి" అని సంచీ కింద పెట్టాను.

ఆయన ఆ ఒక్క గుండీ తీసి, అంగీని మళ్లీ తీగ మీద వేశాడు. వదినె పెద్ద టెంక ఉన్న ముక్కను నా పళ్లెంలో వేసింది.

వారం ఉన్నాం. తిరుగు ప్రయాణంలో నిండు టికెట్టు కొన్నాను. ఫీజు రాలేదు. అయితే ఆ కిటికీ గుమస్తాకు ఆ సంగతి నేను చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేదు.

వానలు పడగానే వదినె కూడా తనకో కార్డు తీసుకుంది. నెల తిరక్కుండా కబురు పంపింది, ఆదివారం వస్తున్నానని. ఆ ఆదివారం మేం గొడుగు తీసుకొని బస్టాండుకు పోయేసరికి బస్సు వచ్చి ఉంది. జనం అంతా దిగిపోయారు. వదినె మాత్రం మెట్టు మీద నిలబడి, కండక్టరుకు దారివ్వకుండా గట్టిగా మాట్లాడుతోంది. మా ఆయన తల పట్టుకున్నాడు. నేను గొడుగు ఆయన చేతిలో పెట్టి ముందుకు నడిచాను.

"ఏమైంది వదినె?"

"కార్డు సూపిచ్చిన. సూసిండు. సూసి గూడ నిండు టికెట్టు కొట్టిండు."

"ఎంత తీసుకున్నడు?"

ఆమె చెప్పింది. నేనూ మెట్టెక్కి ఆమె పక్కన నిలబడ్డాను. కండక్టరు మా ఇద్దరి ముఖాలూ చూసి, చిల్లర కోసం సంచీలో చెయ్యి పెట్టాడు.