ఏసీకి కలిపిన శ్రుతి

శారదాంబకు ప్రణమిల్లి, విశ్వావసు నామ సంవత్సర చైత్ర బహుళ విదియ నాటి సంఘటనను విన్నవిస్తున్నాను.

మా వేసవి సంగీతోత్సవాలు ఏటా జరిగే నాంపల్లి మందిరం మరమ్మతులో ఉంది. వేరే చోటు కుదరకుంటే ఈ యేటికి ఉత్సవాలు లేనట్లే. ఆబిడ్స్‌లో ఒక సభామందిరాన్ని పరీక్షింపబోయి, వేదికపై కన్నులు మూసి ఆలపించాను.

"ఆహా! ఈ గోడలే శ్రుతి పలుకుతున్నాయి!" అన్నాను వెంట వచ్చిన శిష్యులతో.

అక్కడ ఊడుస్తున్న యాదమ్మ నవ్వింది. "శ్రుతి గాదు పంతులు సారూ, ఏసీ మోత. బంద్ జెయ్యాల్నా?"

ఆమె ఏసీ ఆపాక మళ్ళీ పాడితే నా షడ్జం ఒంటరిదై వణికింది. సిగ్గుతో తల వంచాను.

"ఏసీ లేకుంటే ఈ ఎండలో శ్రోతలు కూర్చోగలరా అమ్మా?"

"పొద్దుగాల ఆరింటికి పెట్టుకోన్రి. కిటికీలు తెరిస్తే గాలి మస్తుగొస్తది."

ఇంత శాస్త్రం చదివిన నాకు ఆ ఉపాయం తోచలేదు.

వైశాఖ శుద్ధ పంచమి ఉదయం ఆరు గంటలకు ఆ మందిరంలోనే మొదటి కచేరీ జరిగింది.