వేలు పేలైన పాట

తిరువాలంగాడు స్టేషన్లో టికెట్లిచ్చే ఆదికేశవులుకు పాటలు కట్టడమంటే పిచ్చి. రైలుకీ రైలుకీ నడుమ దొరికిన తీరికలోనే, తొమ్మిదేళ్లపాటు, తిరుత్తణి మురుగన్ మీద నలభై కావడి పాటలు కట్టాడు. 1978 ఆడికృత్తిక పండగకు వాటిని పుస్తకం వేయించాలని తిరుత్తణిలో ఒక చిన్న అచ్చాఫీసుకిచ్చాడు. ప్రూఫులు చూసుకోమని కబురొచ్చిన వారమే స్టేషన్లో జనం పోటెత్తారు. సెలవు దొరకలేదు. "మీరే చూసేయండి" అని చెప్పి పంపాడు.

పండగ మూడు రోజులుందనగా కట్టలు ఇంటికొచ్చాయి. భార్య దేవకి ఒక ప్రతికి పసుపు, కుంకుమ పెట్టి, మొదటి పాట పైకి చదవబోయి ఠక్కున ఆగింది.

"ఏమ్మే, ఆగినావు?"

"'పేలు పట్టిన స్వామి' అనుండాది. మన సామికి పేలు యాడ పట్టినాయి?"

ఆయన రాసింది 'వేలు పట్టిన స్వామి'. వేలాయుధం పట్టిన దేవుణ్ణి అచ్చాఫీసువాళ్లు పేలపాలు చేశారు. పుస్తకమంతా అదే వరస!

ఆదికేశవులు అన్నం ముట్టకుండా, కట్టలతో సహా తిరుత్తణి బస్సెక్కాడు.

అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే గోపాలన్ తమిళుడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. రాతలోని వంపుల్ని చూసి సీసపు అక్షరాల్ని పోల్చుకుంటాడు. తిట్లన్నీ తలవంచుకుని విన్నాక మెల్లగా అన్నాడు: "రెండూ ఒకే మాదిరి ఉండాయే సార్! దానికితోడు మీ రాత కోడి కెలికినట్టుండాది."

ఆ మాటా నిజమే. ఇద్దరూ చెరో కలం పట్టుకుని కూర్చున్నారు. మూడువందల పుస్తకాల్లోనూ చిన్న గీత కలిపి 'పే'ని 'వే' చేశారు. రెండో రోజుకు గోపాలన్ ఆ పాటలే కూనిరాగం తీస్తూ దిద్దసాగాడు.

పండగనాడు కొండమెట్ల దగ్గర అమ్మకం పెట్టారు. అప్పుడే గుండు చేయించుకుని వచ్చిన చెంగమ్మ అనే ముసలమ్మ ఒక ప్రతి కొని, తెరిచి, పకపకా నవ్వింది. దిద్దడం మరిచిన పుస్తకం ఆమె చేతిలోనే పడింది.

"తప్పు పడిందమ్మా, మార్చిస్తాను" అన్నాడు ఆదికేశవులు, సిగ్గుతో చచ్చిపోతూ.

"తప్పేంది నాయినా! సామికే పేలు తప్పలేదంట, ఇంక నేనెంత? ఇయ్యను పో!"

ఆమె గుండు నిమురుకుంటూ, అచ్చులో ఉన్నది ఉన్నట్టే పాడుకుంటూ మెట్లెక్కింది. ఆదికేశవులు తెల్లబోయి చూసి, చూసి, తానూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు.

ఆ తరువాత ఆయన మరో నాలుగు పుస్తకాలు వేశాడు. అన్నీ గోపాలన్ చేతే. సెలవు పెట్టి మరీ పక్కన కూర్చుని ప్రూఫులు చదివేవాడు. ఆయన దగ్గరే తెలుగు చదవడం నేర్చుకున్న గోపాలన్, చివరి పుస్తకం నాటికి ఆయన రాతలోనే తప్పులు పట్టేవాడు. "సార్, ఈడ ఒత్తు వదిలేసినారు" అంటే ఆదికేశవులుకు ఒప్పుకోక తప్పేది కాదు.