శుక్రవారం నాటి తన్ఖా

నెలాఖరు వస్తోందంటే నాకు ఒళ్ళు మండుతుంది. పంజాగుట్టలో మా అద్దె ఫ్లాటు, బేగంపేటలో నా ఆఫీసు. రెండేళ్ళ పాపను చూసుకోవడానికి ఆయా సనత్‌నగర్ నుంచి అమీర్‌పేట దాకా షేర్ ఆటోలో, అక్కణ్ణించి నడిచి వస్తుంది. ఆవిడ జీతం ఒకటో తారీఖున ఆవిడ చేతిలో పెట్టాలి. చెప్పడానికి ఎంత సులువుగా ఉందో చూడండి.

మా ఆఫీసు కాగితాల మీద జీతం పడేది నెల చివరి పనిదినం. నిజానికి పడేది వాళ్ళకు బుద్ధి పుట్టినప్పుడు. అడిగితే "బ్యాంకుకు ఫైల్ వెళ్ళిందండీ" అంటారు. ఆ ఫైల్ నడిచి వెళుతుందో పాక్కుంటూ వెళుతుందో నాకు ఈనాటికీ తెలియదు. సరే, పడిందే అనుకుందాం. ఫోన్లో వేద్దామంటే ఆయా వద్దంటుంది. ఆవిడ ఖాతా ఉన్న ఫోన్ ఎప్పుడూ భర్త జేబులో ఉంటుంది, అందులో పడ్డ డబ్బు ఇల్లు చేరదు. "చేతిలనే ఇయ్యుండ్రి మేడమ్" అని చేరిన రోజే చెప్పింది. కాబట్టి నేను ఆఫీసు అయ్యాక మెట్రో స్టేషన్ దగ్గర ఏటీఎంలో నోట్లు తీసుకుని ఇంటికి రావాలి. వచ్చేసరికి దీపం పెట్టేసి ఉంటారు.

దీపానికీ జీతానికీ ఏం సంబంధం అంటారా? అది మా అత్తగారిని అడగాలి. పాప పుట్టినప్పుడు గుంటూరు వైపు నుంచి వచ్చి మాతోనే ఉండిపోయారు. దీపం పెట్టాక ఇంట్లోంచి డబ్బు బయటికి ఇవ్వకూడదట. మంగళవారం, శుక్రవారం అయితే పొద్దున్నైనా సరే ఇవ్వకూడదట. లక్ష్మి వెళ్ళిపోతుందట. "మొన్న శుక్రవారం ఫోన్లో డబ్బు కట్టి కూరగాయలు తెప్పించారు కదా అత్తయ్యా" అన్నానొకసారి. "అది కొనడం. ఇది ఇవ్వడం" అన్నారు. మా ఆయన్ని పిలిస్తే "మీరూ మీరూ చూసుకోండి" అని ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే.

ఆ నెల సంగతి వేరు. ఆయా కూతురు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరింది. ఫీజు రెండో విడత మూడో తారీఖులోగా కట్టకపోతే బ్యాచ్‌లో కూర్చోనివ్వం అన్నారు. ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి పిల్ల. ఆ పిల్ల చదువు ఆగిపోతుందేమోనని ఆయాకు భయం. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నెలాఖరు పని మీద పడి నేను పెందలాడే ఆఫీసుకు పోతుండటంతో, ఆయా ఇంట్లో ఉన్న పెద్ద మనిషికి, అంటే మా అత్తగారికి, చెప్పుకుంది.

"అమ్మా, మేడమ్‌కు జర చెప్పుండ్రి. ఈసారి తన్ఖా ఒకటో తారీఖుకే కావాలె. బిడ్డ ఫీజు కట్టేదున్నది."

నాతో ఎప్పుడూ "శాలరీ" అంటుంది. పెద్దావిడ కదా అని చనువుగా తమ ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూ మాట వాడింది. మా అత్తగారి ఊళ్ళో తనఖా అంటే పొలమో నగో తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవడం. ఆవిడ బిగుసుకుపోయారు.

"మా ఇంట్లో తనఖాలూ గినఖాలూ లేవమ్మాయ్. అలాంటి వ్యవహారాలు మాకు పడవు."

నెలంతా పాపకు నీళ్ళు పోసి, అన్నం తినిపించి, జోకొట్టిన మనిషి ఆ మాట విని ఏమనుకుని ఉంటుంది? ఆ సాయంత్రం అత్తగారు నాతో గుసగుసగా "ఆ అమ్మాయి ఏంటో తనఖా అంటోంది. నీ గాజులు లోపల పెట్టుకో" అన్నారు. అప్పటికే నాకు తల ప్రాణం తోకకొచ్చి ఉంది, "సరే అత్తయ్యా" అని పడుకున్నాను.

ఒకటో తారీఖు వచ్చింది, జీతం రాలేదు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్న ఆయాతో "రేపు చూస్తానమ్మా" అన్నాను. మర్నాడూ అదే మాట. ఆవిడ "సరే మేడమ్" అని మొహం తిప్పుకుంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. రెండు రోజులు ఆలస్యమైతే అంత అలకా అనుకున్నాను. అత్తగారి "లేవు"కి నా "రేపు" తోడైందని నాకేం తెలుసు?

శుక్రవారం, మూడో తారీఖున, జీతం పడింది. నోట్లు తీసుకుని ఇల్లు చేరేసరికి దీపం వెలుగుతోంది. పాప ఆయా ఒళ్ళో పడుకుని ఏడుస్తోంది. దానికి ఆయా చెవి కమ్మ పట్టుకుంటే గానీ నిద్ర రాదు.

"కమ్మేదీ? కమ్మేదీ?" అని చెవి లాగుతోంది. చెవికి కమ్మ లేదు. రంధ్రం పూడకుండా సన్నటి వేపపుల్ల ఉంది.

"కమ్మలేవమ్మా?" అన్నాను.

"నిన్న గిర్వీ పెట్టిన మేడమ్. ఇయ్యాల ఫీజుకు ఆఖరు రోజు. అమ్మనేమో మా ఇంట్ల తన్ఖా లేదన్నది. మీరు సుత రేపు రేపంటున్రు. ఏం జెయ్యమంటరు?"

"గిర్వీ ఏంటి?" అత్తగారు నన్నడిగారు.

"తనఖా, అత్తయ్యా."

"అదేగా నేను మొన్న చెప్పింది!"

"మొన్న అన్నది జీతం. వీళ్ళు జీతాన్ని తన్ఖా అంటారు."

అత్తగారు ఆ వేపపుల్ల వైపు చూశారు. నాకు మాత్రం కోపం ఆగలేదు. "ఇవాళ శుక్రవారం కదా, దీపం కూడా పెట్టేశారు. రేపిద్దాంలెండి" అన్నాను. ఆవిడ నా చేతిలోంచి నోట్లు లాక్కుని ఆయా చేతిలో పెట్టి "ఇదిగోమ్మాయ్, నీ తనఖా" అన్నారు. ఆ మాటకు ఆవిడ నోరు ఇంకా సరిగ్గా తిరగలేదు.

"దీపం పెట్టిన్రు గదమ్మా, రేపే ఇయ్యుండ్రి. ఇయ్యాల కమ్మలు ఇడిపిచ్చినా గిర్వీ సేటు నెల మిత్తి పట్టుకుంటడు. ఆయనకు నెల మొదటి రోజే నిండుతది" అంది ఆయా, వడ్డీ సంగతి చెబుతూ. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, నేనూ రెండు మాటలని తేలిక పడేదాన్ని. అత్తగారు బలవంతంగా ఆవిడ గుప్పిట మూశారు.

ఇప్పుడు నెలాఖరున అత్తగారే "తన్ఖా తీసిపెట్టావా?" అని నన్ను సతాయిస్తున్నారు. మా ఆఫీసు ఫైల్ ఇంకా పాకుతూనే ఉంది, కాబట్టి కిందటి నెల డబ్బులోంచే తీసి ఇస్తున్నాను. ఆ పిల్ల కోర్సుకు పోతోంది. కమ్మలు ఇంకా విడిపించలేదు. ఆయాకు వచ్చిన జీతం వచ్చినట్టే మూడో విడతకు పోయింది. పాప ఇప్పుడు "కమ్మేదీ" అని అడగడం మానేసింది. ఆ వేపపుల్లనే పట్టుకుని నిద్రపోతోంది.