సత్తు బ్యాటు

కోవూరు రైసుమిల్లులో ఫిట్టరుగా పనిచేసే హజరత్తయ్యకు కుడి చెవి అసలు వినపడదు. ఎడమ చెవి దగ్గరకొచ్చి గట్టిగా చెబితే వినపడుతుంది. పుట్టుకతో వచ్చిన లోపం కాదది. వయసులో ఉండగా మద్రాసులో పన్నెండేళ్లు బాయిలర్లు కట్టే పని చేశాడు. బయట ఇద్దరు సుత్తులతో బాదుతుంటే, బాయిలరు కడుపులో కూర్చుని లోపలి వైపు రివెట్లను అదిమిపట్టి ఉంచడం ఆయన పని. చెవులు అక్కడే పోయాయి. మనిషి మాత్రం ఇంజన్ల సంగతి కడుపునిండా నేర్చుకుని సొంతూరు చేరాడు.

చెవులు చేయాల్సిన పని అప్పటినుంచీ ఆయన అరచెయ్యి చేసింది. మిల్లు ఇంజను నడుస్తుండగా దాని మీద చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ఒక నిమిషం నిలబడేవాడు. "వెనక బేరింగు అరిగింది, వారం కంటే ఆగదు" అనేవాడు. విప్పి చూస్తే అంతే ఉండేది. చుట్టుపక్కల రైతులు పంపుసెట్టు మొరాయిస్తే ముందు ఆయన్నే పిలుచుకుపోయేవారు.

1963 ఆగస్టులో ఒక మధ్యాహ్నం నెల్లూరు మిషన్ బాలికల హైస్కూలు డ్రిల్లు టీచరు ఎలిశబెతు, విరిగిన కర్రముక్కలు రెండు గుడ్డలో చుట్టుకుని పెన్నా వంతెన దాటి మిల్లుకు వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి ఆమెకు. మాట తీరు నిదానం. హజరత్తయ్య ఎడమ వైపున నిలబడి, గొంతు పెంచి వచ్చిన పని చెప్పింది.

ఆ స్కూల్లో ఆడపిల్లలు సాఫ్ట్‌బాల్ ఆడతారు. క్రికెట్టులాంటిదే గానీ, బ్యాటు రోకలిలా గుండ్రంగా ఉంటుంది, బంతిని చెయ్యి కిందినుంచి విసురుతారు. ఎప్పుడో ఒక దొరసాని అమెరికానుంచి తెచ్చిన బ్యాట్లు మూడుంటే, రెండు విరిగాయి. వడ్రంగి చేత తుమ్మకర్రతో చేయిస్తే పిల్లలు ఎత్తలేకపోయారు. వేపకర్రది నాలుగో దెబ్బకే చీలింది. డిసెంబరులో గుంటూరులో పోటీలున్నాయి.

"లోహంతో చేయగలరా అన్నా? విరగనిది కావాలి" అంది ఎలిశబెతు.

హజరత్తయ్య ఆ ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "చేసేదానికేంది టీచరమ్మా, చేయొచ్చు. అయితే ముందు ఆ ఆట ఏందో నేను చూడాల" అన్నాడు.

మరుసటి శనివారం సైకిలెక్కి స్కూలు మైదానానికి వెళ్లాడు. జట్టు నాయకురాలు కరుణాకుమారి పొడగరి పిల్ల, పదో తరగతి. మిగిలిన ఒక్క బ్యాటుతో ఆమె బంతిని కొడుతుంటే గంటసేపు చూశాడు. కొన్ని దెబ్బలకు బంతి చెట్ల దాకా పోతోంది. కొన్నింటికి ఆ పిల్ల మొహం చిట్లించి చేతులు విదిలించుకుంటోంది. ఆయన కంటికి ఆనింది ఆ విదిలింపే.

ఆయన బ్యాటు అడిగి తీసుకున్నాడు. పిడిని ఎడమచేత్తో వదులుగా వేలాడదీసి, కుడిచేతిలోని చిన్న సుత్తితో కొననుంచి పైకి ఒక్కో అంగుళం తడుతూ వచ్చాడు. కొన దగ్గర తడితే పిడి చేతిలో జివ్వుమంది. కాస్త పైకొస్తే తగ్గింది. కొననుంచి ఆరంగుళాల పైన ఒకచోట తడితే చేతికి ఏమీ తెలియలేదు. ఇంకా పైకెళితే మళ్లీ జివ్వుమంది. ఆ నిశ్శబ్దంగా ఉన్న చోట సుద్దముక్కతో గీత పెట్టి, బ్యాటు పిల్లకిచ్చాడు.

"ఈ గీత మీద పడేటట్టు కొట్టు పాపా."

కరుణాకుమారి కొట్టింది. బంతి ప్రహరీగోడ దాటింది. చేతులు చూసుకుని, "అసలు తగిలినట్టే లేదు తాతా!" అంది. నలభై ఆరేళ్ల హజరత్తయ్యకు తాతా అనిపించుకున్నందుకు కోపం రాలేదు. ఆ మాటతో ఆ పనిలో పూర్తిగా దిగిపోయాడు.

మొదట నీళ్ల పైపుతో చేశాడు. బలంగానే ఉంది, కానీ రెండు దెబ్బలకే పిల్లల అరచేతులు కందిపోయాయి. "దీన్ని నేను తిప్పడం కాదు, ఇదే నన్ను లాక్కుపోతోంది" అంది కరుణాకుమారి. తరవాత ఇత్తడి గొట్టంతో చేశాడు. చూడ్డానికి బంగారంలా ఉంది గానీ మొదటి రోజే సొట్టలు పడింది. రెండింటినీ మిల్లు మూల పడేసి, బరువు లేని గొట్టం ఏదైనా దొరుకుతుందా అని మద్రాసు దారిలో తడ అనే ఊళ్లో ఉన్న బావమరిది మాల్యాద్రికి కబురు చేశాడు. మద్రాసులో పాత ఇనుము కొని లారీలకు ఎత్తించడం మాల్యాద్రి వృత్తి. పది రోజులకు అతను పంపిన గొట్టం వచ్చింది. రెండంగుళాల పైచిలుకు లావు, రెండు నిలువుల పొడవు, చేత్తో ఎత్తితే ఏమంత బరువు లేదు. యుద్ధకాలంలో విమానానికి వాడిన సత్తు, అంటే అల్యూమినియం, అని చెప్పి పంపాడు. సత్తు గిన్నెలు అందరి ఇళ్లలో ఉన్నవే. ఈ సత్తు మాత్రం వేరుగా ఉందని హజరత్తయ్య చేతికి తెలిసింది.

సత్తుతో చిక్కేమంటే, అది ఇనుములా ఎర్రబడి చెప్పదు. ఉన్నట్టుండి కరిగి కారిపోతుంది. దానికి ఆయన మద్రాసులో నేర్చిన ఉపాయం వాడాడు. గొట్టానికి బట్టల సబ్బు రుద్ది కొలిమి మీద తిప్పుతాడు. సబ్బు నల్లబడితే సత్తు మెత్తబడినట్టు లెక్క. అప్పుడు తీసి, లోపల ఇనుప కడ్డీ దూర్చి, చెక్క సుత్తితో పిడి వైపు సన్నం చేస్తూ వస్తాడు. గట్టిపడితే మళ్లీ సబ్బు, మళ్లీ కొలిమి. ఆరు ఆదివారాలు పట్టింది. చివర్న మరికాస్త గట్టిగా కాచి నీళ్లతొట్టిలో ముంచాడు. బట్టలో చుట్టి మరునాడే మైదానానికి తీసుకెళ్లాడు.

మొదటి బంతికే బ్యాటు గిన్నెలా నొక్కుకుపోయింది.

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎలిశబెతు ఏదో ఓదార్పుగా చెప్పబోయింది గానీ ఆయన చెవిటివైపున నిలబడి ఉంది. హజరత్తయ్య బ్యాటు తీసుకుని సైకిలెక్కాడు. ఇంటికెళ్లి తలుపు వెనక నిలబెట్టి, ఆ వారమంతా దాని వంక చూడలేదు.

ఆయన భార్య ఆదిశేషమ్మకు బట్టలు ఉతికే బాదుడుకర్ర ముసురులో ఎక్కడో పోయింది. వెతికి వేసారి, తలుపు వెనకున్న బ్యాటు తీసుకుని దుప్పట్లను బండ మీద పరిచి బాదేసింది. మొగుడు అన్నానికి రాగానే దాన్ని ఆయన చేతిలో పెట్టి, చెవి దగ్గర అరిచింది.

"ఏమయ్యా, మెత్తంగా ఉండాది, పనికిరాదు అంటివే? బండకేసి ఇంతసేపు కొట్టినా పాతసొట్ట తప్ప ఇంకొకటి పడలేదే!"

హజరత్తయ్య కంచం ముందునుంచి లేచాడు. సుత్తితో తట్టి చూశాడు. వారం కిందటి బ్యాటు కాదది. అరచేతిలోకి సన్నటి, గట్టి అదురు పాకింది. తినకుండానే మిగిలిన గొట్టంలోంచి జానెడు ముక్క కోసి, కాచి, నీళ్లలో ముంచి, కిటికీలో పెట్టాడు. రోజూ పొద్దున్నే ఒక చిన్న దెబ్బ వేసి చూసేవాడు. మొదటిరోజు మెత్తగా లొంగింది. మూడోరోజు మొండికేసింది. అయిదోరోజు సుత్తే ఎగిరింది. ఎందుకలా అవుతుందో ఆయనకు చెప్పగలవాళ్లు కోవూరులో లేరు. ఆయన ఎవర్నీ అడగనూ లేదు. "దీనికి తొందర పనికిరాదు, కాచినాక దాని మానాన దాన్ని వదిలేయాల" అని మాత్రం ఆదిశేషమ్మతో అన్నాడు.

ఈసారి రాత్రుళ్లు కూడా కూర్చుని రెండు బ్యాట్లు చేసి, వారం ఆగి తీసుకెళ్లాడు. కరుణాకుమారి మొదట కొయ్యది, తరవాత సత్తుది, మళ్లీ కొయ్యది ఆడి చూసింది.

"కొయ్యది చేతిలో ఇమిడిపోతుంది తాతా. ఇది బాగా తేలిక. బంతి ఇంకా రాకముందే తిరిగిపోతోంది. కొడితే దూరం పోతుంది గానీ గీత తప్పిందంటే మోచెయ్యిదాకా జిల్లుమంటోంది."

ఆయన ఆ మాటల్ని మందుచీటీలా పట్టుకెళ్లాడు. కొనలో చెక్కబిళ్ల బిగించి, దాని వెనక కొద్దికొద్దిగా సీసం పోసి, ఆ పిల్ల ఊపుకు సరిపోయేదాకా మూడుసార్లు మార్చాడు. పిడి లోపల ఏం పెడితే జిల్లు ఆగుతుందో వెతికాడు. రంపపు పొట్టు పెట్టాడు, కొబ్బరిపీచు పెట్టాడు. చివరికి వేపకర్ర చెక్కి, దానికి అల్లూరు జాలర్ల దగ్గరనుంచి తెప్పించిన వలతాడు ఒత్తుగా చుట్టి, పిడిలోకి దిగ్గొట్టాడు. పైన సైకిలు ట్యూబు కోసి చుట్టాడు. రెండో బ్యాటు కురచ పిల్లలకు. దానికి సీసం తగ్గించి, పిడి సన్నం చేశాడు. "బరువు ఎంతుండాదని కాదు టీచరమ్మా, యాడుండాదనేది చూడాల" అనేవాడు.

ఒకరోజు అన్నం క్యారియరు తెచ్చిన ఆదిశేషమ్మ చేతికి పిల్లలు ఆ బ్యాటిచ్చారు. ఆమె కొంగు బిగించి, బట్టలు ఉతికినట్టే ఒక్క బాదు బాదింది. బంతి వెళ్లి టీచర్ల గది పెంకుల మీద పడింది. మైదానమంతా నవ్వులే.

డిసెంబరులో జట్టుతోపాటు హజరత్తయ్యనూ గుంటూరు తీసుకెళ్లింది ఎలిశబెతు. మొదటి ఆటకు ముందే అంపైరు సత్తు బ్యాటు పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. నియమాల పుస్తకంలో చెక్కబ్యాటు అని రాసి ఉంది. ఆయన పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాడు. ఎలిశబెతు రెండుసార్లు చదివింది. వాదించడానికేమీ లేదు. కరుణాకుమారి కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది.

హజరత్తయ్యకు విషయం చెవిలో చెప్పారు.

"సరే, వాళ్ల కట్టెలు చూపించమను" అన్నాడు.

నిర్వాహకుల పెట్టెలో పది చెక్కబ్యాట్లున్నాయి. ఒక్కొక్కటీ ఎత్తి, వేలాడదీసి, సుత్తితో తట్టుకుంటూ పోయాడు. నాలుగు ఏరాడు. ప్రతిదానికీ సుద్దతో గీత పెట్టి, ఇది నీది, ఇది నీది అని పంచాడు. అంపైరు గీతల్ని చూసి, పుస్తకం చూసి, ఊరుకున్నాడు.

ఆ గీతలతోనే ఆ పిల్లలు రెండు ఆటలు గెలిచారు. మూడోది ఓడిపోయారు. నెల్లూరు జట్టు అంతదూరం రావడం అదే మొదలు. పోటీలు ముగిశాక అంపైరు నెమ్మదిగా వచ్చి, సత్తు బ్యాటు ఒకసారి ఇస్తారా అని అడిగాడు. చొక్కా చేతులు మడిచి తనే కొట్టాడు. బంతి రోడ్డవతల పడింది. ఆయన బ్యాటును చాలాసేపు చేతిలో తిప్పి చూసి, వెనక్కిస్తూ హజరత్తయ్యకు నమస్కారం పెట్టాడు.

తరవాతి అయిదారేళ్లలో స్కూలుకు ఆయన మరో ఏడు బ్యాట్లు చేశాడు. పోటీల్లో చెక్కవాటితో ఆడినా, పిల్లలు సాధన మాత్రం వీటితోనే చేశారు. ఒక్కటీ విరగలేదు. కరుణాకుమారి డ్రిల్లు టీచరు శిక్షణ పూర్తిచేసి, కావలిలో ఉద్యోగంలో చేరిన వారంలోనే కోవూరు వచ్చి తన స్కూలుకు రెండు అడిగి పట్టుకెళ్లింది.

1969లో ఎలిశబెతు ఒక ఇంగ్లీషు పత్రిక పట్టుకుని మిల్లుకు వచ్చింది. అమెరికాలో కంపెనీలు కూడా అల్యూమినియంతో ఇలాంటి బ్యాట్లు మొదలుపెట్టాయని అందులో ఉంది. ఆమె మొహం వెలిగిపోతోంది. ఆయన ఎడమ చెవి దగ్గర వంగి గట్టిగా చదివి వినిపించింది.

హజరత్తయ్య శ్రద్ధగా విన్నాడు. చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ అడిగాడు.

"జిల్లు ఆపేదానికి వాళ్లు పిడిలో ఏం పెట్టినారంట టీచరమ్మా?"

పత్రికలో ఆ సంగతి లేదు. రాసి కనుక్కుంటానంది ఎలిశబెతు. ఆ సాయంత్రమే ఆమె ఆ పత్రికకు ఉత్తరం రాసింది.