ఒంట్లో తిరిగే పొట్లాలు

మా ఆవిడకు కీళ్ళవాతం వచ్చిన దగ్గర్నుంచి పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవు. తలుపు గడియ, కాఫీ గిన్నె, ఆమె జడ నా పనులయ్యాయి. అన్నిటికన్నా జడే కష్టం. ఫ్యాక్టరీలో మీటర్లు సరిచేసిన చేతికి జుట్టు మాట వినదు.

మొన్న వానాకాలంలో మా తమ్ముడి కూతురు కోరాపుట్‌లో మా ఇంటికి వచ్చింది. ఒంట్లో వచ్చే వాపుల మీద పరిశోధన చేస్తోంది. వచ్చిన సాయంత్రం ఆ పిల్ల చెప్పిన మాటలు డైరీలో రాసుకున్నాను కాబట్టి ఉన్నవి ఉన్నట్టే చెబుతున్నాను.

మన కణాలు కంటికి కనబడనంత చిన్న పొట్లాలు కట్టి బయటికి పంపుతాయట. కొన్ని అందుకున్న కణం మంట రాజేస్తుంది, కొన్ని అందుకున్నది చల్లబడుతుంది. రోగాన్ని తరమడానికి రెండూ కావాలి. ఈ జబ్బులో రాజేసేవి ఎక్కువైపోయి, ఒంటిని కాచే కణాలే కీళ్ళ మీద పడతాయి.

"మరి ఏ పొట్లం ఎవరికో ఎలా తెలుస్తాదే అమ్మీ?" అంది మా ఆవిడ.

"పైన గుర్తులుంటాయి పెద్దమ్మా."

మా ఆవిడ మొహం వెలిగింది. వాళ్ళ పుట్టింటివాళ్ళది జయపురంలో కిరాణా కొట్టు. కొండమీది కొట్లకు సరుకు మూటలు లమ్తపుట్ వెళ్ళే బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేవారు. ఒక్కో కొట్టుకు ఒక్కో రంగు దారం. చిన్నప్పుడు ఆ దారాలు కట్టింది ఈమే.

"అయితే సల్లార్చే మందు నా ఒంట్లోనే ఉంది. రేపట్నుంచి మాత్రలు మానెస్తాను. ఒకటే వికారం."

ఆ మాత్రల వల్లే ఆమె ఈమధ్య గోడ పట్టుకోకుండా నడుస్తోంది.

"కొట్టోళ్ళ అమ్మాయివి, నువ్వే ఇలాగంటే ఎలాగ?" అని నవ్వింది ఆ పిల్ల. "బస్సునిండా రాజేసే మూటలే ఎక్కితే మంచి మూటకి సోటేది? మాత్ర ఆ మంటని అణుస్తంది. వికారం సంగతి డాక్టర్ని అడుగుదుం. మానీకు."

"పోనీ, మంచి పొట్లాలు బయట కట్టి ఎక్కించీలేరేటి?"

"అదే సూస్తన్నాం. ఇంకా పరీక్షల్లోనే ఉంది."

"నేనుండగా వస్తాదా?"

ఆ పిల్ల పెద్దమ్మ ఉబ్బిన వేళ్ళను తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. "అబద్ధం సెప్పను పెద్దమ్మా. తెలీదు."

మా ఆవిడ నావైపు తిరిగింది.

"ఏటలా గుడ్లప్పగించి సూస్తారు? కొత్త సరుకొచ్చీదాకా ఉన్న సరుకుతోనే కదా కొట్టు నడపాల. మాత్ర తియ్యండి."

అట్టలోంచి నొక్కి ఆమె అరచేతిలో వేశాను. మింగి, మొహం చిట్లించింది. అమ్మాయి అప్పటికే డాక్టరుకు ఫోన్ కలుపుతోంది.