కాటా గదిలో ఆరు పేర్లు

మంగంపేట దాటాక రోడ్డు పక్కన చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉంటాయి. ముగ్గురాయి దుమ్ము. అక్కడ ఆ రాయిని పొడి చేసే మిల్లుల్లో ఒకదాని గేటు పక్కన చిన్న గది ఉంది. గది ముందు లారీ ఎక్కి నిలబడే ఇనుప పలక. ఆ గదిలో కూర్చునేది గౌసియా. లారీ పలక మీదికి వస్తుంది. బరువు కంప్యూటరు తెర మీద కనిపిస్తుంది. ఆమె సరుకు పేరు ఎంచుకుని నొక్కుతుంది. చీటీ బయటికి వస్తుంది. చీటీ లేనిదే లారీ గేటు దాటదు.

అంతకుముందు ఆమె లోపలి షెడ్డులో సంచుల మూతులు కుట్టేది. ఇంటికి పోయి తల స్నానం చేస్తే నీళ్లు పాలలా పారేవి. దగ్గు మొదలైతే మాట మధ్యలో తెగిపోయేది. ఒకరోజు సూపర్‌వైజరు వీరేష్ షెడ్డు గుమ్మంలో నిలబడి, "చదవడం వచ్చినోళ్లు ఎవరుండారమ్మా?" అని అడిగాడు. గౌసియా ఎనిమిది దాకా చదివింది. చెయ్యెత్తింది. కాటా గదికి తలుపు ఉంది, కిటికీకి అద్దం ఉంది. ఒక వానాకాలం గడిచేసరికి దగ్గు తగ్గింది.

పని కష్టం కాదు. తెర మీద చిన్న బాణం గుర్తు నొక్కితే పేర్లు కిందికి జారుతాయి. తెల్ల పొడి, బూడిద పొడి, సన్న పొడి, ముతక పొడి, చిప్స్ అనే చిన్న రాళ్లు, గడ్డరాయి. కావలసిన దాని మీద నొక్కాలి. అంతే.

ఆ మిల్లులో శుక్రవారం కాటాకు పూజ చేస్తారు. పాత ఇనుప కాటా నాటి అలవాటు అది. శుక్రవారం పొద్దున కాటా చేతిని కట్టేసి, తుడిచి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టాక విప్పేవాళ్లు. మళ్లీ శుక్రవారం దాకా దాన్ని ఎవరూ కట్టేవాళ్లు కారు. కంప్యూటరు వచ్చాక ఆ మర్యాద దానికీ వచ్చింది. వీరేష్ శుక్రవారం దాన్ని ఆపుతాడు, తుడుస్తాడు, తెర మూలకు బొట్టు పెడతాడు, టెంకాయ కొట్టి మళ్లీ తెరుస్తాడు. మిగతా దినాల్లో దాన్ని ఆపే మాటే లేదు. కరెంటు పోయినా బ్యాటరీ ఉంది. గౌసియా తలుపు దగ్గర నిలబడి చూస్తుంది, కొబ్బరి ముక్క తీసుకుంటుంది, వచ్చి కూర్చుని బిస్మిల్లా అనుకుని మొదలుపెడుతుంది. ఇన్నేళ్లలో ఎవరికీ ఇబ్బంది కాలేదు.

మొదటి తప్పు డ్రైవరు తిమ్మయ్య లారీకి జరిగింది. ముతక పొడి సంచులు వేసుకుని ఓడరేవుకు పోయినవాడు సంచులతోనే తిరిగి వచ్చాడు.

"ఏమక్కా, నేను ఏసకపోయింది పొడా, రాయా?" లారీ దిగకుండానే అరిచాడు. "రేవు కాడ గేటాయన సంచి కోసి చూసి నవ్వినాడు. నువ్విచ్చిన చీటీలో చిప్స్ అని ఉండాదంట. ఎండలో కూసోబెట్టినారు. ఈ తూరి పొడిని చిప్స్ అన్నావు, వచ్చే తూరి నన్ను తిమ్మక్క అని రాస్తావేమో!"

గౌసియా చీటీ తీసుకుని చూసింది. చిప్స్. తాను నొక్కింది ముతక పొడి. ఆ సంగతి తన వేలికి గుర్తుంది. కానీ వేలి మాట ఎవరు నమ్ముతారు?

వీరేష్ నమ్మలేదు. "గౌసమ్మా, కండ్లు కనపడ్తాండాయా నీకు?" అన్నాడు. ఆమె కోడూరులో కళ్లద్దాల అంగడికి పోయింది. అక్కడి మనిషి అక్షరాలు చదివించి, ఉన్న అద్దాలు సరిగానే ఉన్నాయన్నాడు. ఆమెకు సంతోషం కలగలేదు. కళ్లు చెడి ఉంటే ఒక దారి దొరికేది.

ఆ తర్వాత పేరును పైకి చదివి నొక్కడం మొదలుపెట్టింది. కొన్నాళ్లు అంతా బాగుంది. మళ్లీ ఒకరోజు చిప్స్ నొక్కితే గడ్డరాయి అని వచ్చింది. గడ్డరాయి నొక్కితే పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు, తెల్ల కాగితం. తెల్ల పొడి, బూడిద పొడి మాత్రం ఎప్పుడు నొక్కినా సరిగానే వచ్చాయి. పై రెండు పేర్లకు తన మీద దయ ఉన్నట్టు, కింది పేర్లకు పగ ఉన్నట్టు. మౌసు మార్పించింది. చెయ్యి మార్చింది. తాను చూసింది ఒకటి, జరిగింది ఇంకొకటి. ఈ రెంటి మధ్య ఏముందో ఆమెకు తోచలేదు. ఇంట్లో కూర చేస్తూ ఉప్పు డబ్బాను కూడా రెండుసార్లు నాలుక మీద వేసుకుని చూడసాగింది.

శుక్రవారం వస్తే అంతా సర్దుకునేది. అది వీరేష్ కనిపెట్టాడు.

"పూజైన దినం తప్పు రాదు. వారం మధ్యలో వస్తాది. అంటే బలం తగ్గతాండాది," అన్నాడు. మంగళవారం కూడా పూజ పెట్టాలని నిశ్చయించి టెంకాయ కోసం కోడూరుకు బయలుదేరాడు. బండి ఎక్కుతూ వెనక్కి తిరిగాడు. "ఒక మాట చెప్తా, ఏమనుకోబాకు. ఇంగొక్క లారీ తిరిగొచ్చిందంటే నిన్ను ఈడ ఉంచలేను. షెడ్డులో సంచుల కాడ మనిషి కావల్ల."

అతను పోయిన కాసేపటికి తిమ్మయ్య లారీ పలక ఎక్కింది. ముతక పొడి. గౌసియా పైకి చదివింది, నొక్కింది. చీటీ మీద చిప్స్.

"వచ్చిందా సరిగ్గా?" కిటికీలోంచి తిమ్మయ్య.

ఆమె చీటీని గుప్పిట్లో నలిపింది. గొంతులో పాత దగ్గు కదిలింది. గోడ మీద మిల్లువాళ్ల కడప ఆఫీసు నంబరు రాసి ఉంది. ఫోను చేసింది. ఎత్తింది శిల్ప, అక్కడ కంప్యూటరు చూసే అమ్మాయి.

"సరిగ్గానే ఉండాది కదా ఆంటీ ఈడ," అంది శిల్ప. "సరుకు పేర్లు పెట్టేది, తీసేది నేనే. సన్న పొడి ఆడించే మిషను మాటిమాటికీ రిపేరు కదా, చెడితే ఆ పేరు తీసేస్తా, బాగైతే మళ్లీ పెడ్తా. నిన్న మళ్లీ తీసేసినా. ఇప్పుడు అయిదే పేర్లు."

"ఆరుండాయి పాపా."

"అయిదు."

"నా కండ్ల ముందర ఆరుండాయి. చదవనా?" చదివింది. శిల్ప తనవి చదివింది. ఒకే మిల్లు, ఒకే పొడి. కడపలో అయిదు, ఇక్కడ ఆరు.

"మీరు దాన్ని ఎప్పుడు తెరిచినారు?"

"శుక్రవారం."

శిల్పకు అర్థమైంది. "అది తెరిచినప్పుడు చదువుకున్న పేర్లే చూపిస్తా ఉంటాది ఆంటీ. నేను ఈడ తీసేసింది దానికి తెలీదు. మీరు నొక్కితే పేరు రాదు నా దగ్గరికి, అది వరసలో ఎన్నోదో ఆ నంబరే వస్తాది. ముతక పొడి నొక్కితే నాలుగోది అని వస్తాది. నా దగ్గర నాలుగోది ఇప్పుడు చిప్స్."

గౌసియా రేషన్ వరసను తలచుకుంది. మూడో మనిషి ఇంటికి పోతే వెనకవాళ్లంతా ఒక అడుగు ముందుకు జరుగుతారు. జరిగిన సంగతి తెలియనివాడు నాలుగో మనిషీ అని పిలిస్తే ఇంకెవరో పలుకుతారు. అర్థమైనట్టే ఉంది. అయినా తెరలో సన్న పొడి అనే మాట నిక్షేపంగా నిలబడి ఉంది. లేనిది ఇంత స్పష్టంగా ఎలా కనిపిస్తుంది?

"మూసి తెరవండి, సరిపోతాది," అంది శిల్ప.

మూయడం తన పని కాదు. పూజ లేకుండా ఎవరూ మూయలేదు. తిమ్మయ్య హారను కొట్టాడు. "అక్కా, ముహూర్తం చూస్తాండావా?"

ఆమె మూసింది. తెర ఖాళీ అయింది. ఆ కాస్త సేపు కాటా ఏ బరువూ చూపలేదు, పలక మీద లారీ ఉన్నా. మళ్లీ తెరిచింది. బాణం గుర్తు నొక్కింది. అయిదు పేర్లు జారాయి. ముతక పొడి నొక్కింది. ముతక పొడి వచ్చింది. చీటీని రెండు చేతులతో పట్టుకుని తిమ్మయ్యకు ఇచ్చింది. అతను అక్షరం అక్షరం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బతికించినావు," అన్నాడు.

వీరేష్ వచ్చేసరికి లారీ పోయింది. జరిగింది చెప్పింది.

"టెంకాయ కొట్టకుండానే మూసి తెరిచినావా?"

"తెరిచినా సారూ."

అతను ఆమె కుర్చీలో కూర్చున్నాడు. చిప్స్ నొక్కాడు, చిప్స్ వచ్చింది. గడ్డరాయి నొక్కాడు, గడ్డరాయి వచ్చింది. రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూశాడు. "సరే, షెడ్డుకు పోవద్దులే. ఈడనే కూసో," అని లేచాడు. తలుపు దగ్గర ఆగాడు. "కానీ ఆ పాప కడపలో ఎప్పుడు ఏం తీస్తాదో, ఏం పెడ్తాదో మనకెట్ల తెలుస్తాది?"

ఆ సాయంత్రం ఇంకో లారీ పలక ఎక్కింది. తెల్ల పొడి. పై పేరే, ఎన్నడూ తప్పు రానిది. ఆమె వేలు మౌసు మీద ఆగింది. ఫోను తీసింది.

"శిల్పమ్మా, అయిదేనా?"

"అయిదే ఆంటీ. ఇందాకే కదా చెప్పినా."

"అది అప్పుడు. ఇప్పుడు?"