గీత దాటిన శేరు నూనె

ఆ కాలంలో, అంటే బస్తరు ఇంకా రాజుగారి రాజ్యంగా ఉన్నప్పుడు, మోటారు బండి వస్తోందంటే జనం పక్కకు తప్పుకునేవారు కాదు, దగ్గరికి వచ్చి తాకి చూసేవారు. నాకు అప్పుడు పదిహేడేళ్ళు. అప్పటి ఆ పిల్ల ఇప్పుడు నాకు ఎదురుపడితే చెవి మెలిపెట్టి నాలుగు మాటలు అంటాను. వింటుందన్న నమ్మకం మాత్రం లేదు, అంత తెలివిగలదాన్నని దాని నమ్మకం. నాకు సంతకం తప్ప రాత రాదు, నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. (ఇప్పుడే నవ్వుతోంది. నవ్వవలసింది ముందుంది.)

మా నాయనకు బస్తరు కొసన కోంట ఊళ్ళో నూనె దుకాణం ఉండేది. ఇప్పగింజల నూనె, నువ్వుల నూనె, కిరసనాయిలు అమ్మేవాడు. ఆయన పోస్తే నూనె కొలపాత్రలో గీత దగ్గర ఆగిపోవలసిందే, ఒక్క బొట్టు అటు కాదు, ఇటు కాదు. గీత దాటి పోసేవాళ్ళు చేతగానివాళ్ళని మాకు ఉగ్గుపాలతో నూరిపోశాడు. అలాంటి ఇంటి పిల్లను జగదల్‌పూర్‌లో ఒక మోటారు మేస్త్రీకి ఇచ్చి పెళ్ళి చేశారు. మా ఆయన ఒక జమీందారు చిన్నకొడుకు దగ్గర పనిచేసేవాడు. ఆ చిన్నకొడుకుని అందరూ చిన్నదొర అనేవారు. ఆ చిన్నదొర కలకత్తా నుంచి పందేలకు వాడే కారు ఒకటి తెప్పించాడు. ఇద్దరు మాత్రమే పట్టేది, నేలను రాసుకుంటూ పోయేది, పైన కప్పు లేదు. మా అత్త దాని చుట్టూ ఒకసారి తిరిగి, "గింత పెద్ద దొర, కప్పుకు పైసలు చాలలేదా ఏంది" అంది. కారు షెడ్డు పక్కనే మాకు రెండు గదుల ఇల్లు ఇచ్చారు. వెనక బావి. ఆ బావి గిలక, చేద వేసినప్పుడల్లా, ఈనబోయే బర్రెలా మూలిగేది.

ఆ ఏడు దసరాకు ఊరు నిండినప్పుడు, మైదానంలో గుండ్రంగా బాట చేయించి, ఒక కలప కాంట్రాక్టరు కారుతో చిన్నదొర పందెం పెట్టుకున్నాడు. ఇరవై చుట్లు తిరగాలి. పది రోజుల ముందు తిప్పి చూస్తే మూడో చుట్టుకే బండిలో నూనె సంగతి చెప్పే సూది కిందికి పడిపోయింది. మా ఆయన చేతులు ఊపి బండి ఆపించాడు. దొర నవ్వుతూనే అన్నాడు: "చూడు మేస్త్రీ, పందెంల బండి ఆగిందనుకో, నీ నౌకరీ కూడా ఆడనే ఆగుతది. ఇల్లు ఖాళీ చేసుడే." ఆ నవ్వు మా ఆయనకు ఆ రాత్రి అన్నం సయించనివ్వలేదు.

సయించకపోయినా చారు పోయించుకున్నాడు. పళ్ళెం రెండు చేతులతో ఎత్తి పక్కకు వంచి, "ఇటు చూడు పిల్లా" అన్నాడు. "బండి ఒక్కతీరుగ తిరుగుతాంటే కింద తొట్టిలున్న నూనె ఇట్ల ఒక పక్కకు పోతది. దాన్ని గుంజే గొట్టం మూతి ఈ పక్కనుంటది. అప్పుడు అది ఏం తాగుతది? గాలి తాగుతది. నూనె లేక లోపల ఇనుము ఇనుము రాసుకుని ఇంజను సస్తది. అందుకే పందెం నాడు మలుపుల కాడికని గీత మీద ఇంకో శేరు ఎక్కువ పోస్తా. ఇంటున్నవా?"

"ఇంటున్న" అన్నాను. నేను వింటున్నది ఏమీ లేదు. అప్పుడే అలికిన నేల మీద చారు కారిపోతోంది, నా కళ్ళు దాని మీద ఉన్నాయి.

మర్నాడు నేను బిందెతో నీళ్ళు తెస్తుంటే మా ఆయన ఎదురొచ్చి ఆగిపోయాడు. నీళ్ళు తొణకకుండా మేమంతా బిందెలో నాలుగు ఆకులు వేసుకునేవాళ్ళం. ఆ ఆకుల వంక చూసి చూసి, కిరసనాయిలు డబ్బా కత్తిరించి, చిల్లులు పొడిచి, నూనె తొట్టి లోపల అడ్డంగా రేకు గోడ కట్టాడు, నూనె ఒక్కసారిగా పక్కకు దూకకుండా. "నీ ఆకులే ఈ ఉపాయం చెప్పినయే" అన్నాడు. అంతే, నేను సగం మేస్త్రీనైపోయాను. ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు ఇంజను గురించి చెప్పడం మొదలుపెట్టాను. (వాళ్ళు అక్కడి హల్బీ భాష మాట్లాడేవారు, నాకు అప్పటికి ఇంకా సరిగా రాదు. అయినా చెప్పాను.)

పందెం రోజు పొద్దున మా ఆయన పెట్రోలు డబ్బాల కోసం పోతూ, "బండి కాడ కూసో. ఎవ్వలనూ ముట్టనియ్యకు" అన్నాడు. ఎవ్వరినీ ముట్టనివ్వలేదు, నన్ను తప్ప. ఊరికే కూర్చోలేక, నూనె చూసే ఇనుప పుల్ల లాగి చూశాను. నూనె పుల్ల మీది గీత దాటి బొటనవేలంత పైకి ఉంది. పాపం, కంగారులో మా ఆయన చేయి జారింది, దొర చూస్తే ఇంకేమైనా ఉందా అనుకున్నాను. మా ఆయన పరువు కాపాడదామని బండి కిందికి దూరాను. ఆయన పానాతో తొట్టి కింది మర ఎలా వదులు చేస్తాడో చాలాసార్లు చూశాను. మర వదులైంది, మళ్ళీ ఎక్కదే. చెంబు నిండింది, చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. ఎట్లాగో బిగించి, పుల్ల పెట్టి చూస్తే నూనె సరిగ్గా గీత మీద ఉంది. మా నాయన చూస్తే మురిసిపోయేవాడు. నూనె దుకాణం పిల్లను కదా, చెంబులోది పారబోయడానికి చేయి రాలేదు. తీసుకుపోయి బావి గిలకకు పోశాను. దాని మూలుగు ఆగిపోయింది. ఒకే పొద్దున రెండు మంచి పనులు చేశానని చేతులు కడుక్కుని, మంచి చీర కట్టుకుని, అత్తతో మైదానానికి పోయాను.

ఎనిమిది చుట్లు చిన్నదొర కారే ముందుంది. తొమ్మిదో చుట్టులో మా ఆయన రెండు చేతులూ ఎత్తి, "సూది పడ్డది దొరా, కాలు తియ్యి, కాలు తియ్యి" అంటూ పక్కన పరుగెత్తాడు. దొర తీయలేదు. ఇంజనులో ఎవరో రోకలితో దంచుతున్నట్టు చప్పుడైంది, పొగ వచ్చింది, బండి ఆగింది. కాంట్రాక్టరు పాత కారు ఎడ్లబండి లాగా తాపీగా దాటిపోయింది.

మా ఆయన పుల్ల లాగి, తుడిచి, మళ్ళీ పెట్టి చూశాడు. గీత పైన తను పోసిన శేరు లేదు. ఎవరో నూనె తీశారని అనవచ్చు. కానీ బండికి కాపలా ఉన్నది నేను.

"ఏంది మేస్త్రీ" అన్నాడు దొర.

"నూనె నేనే తక్కువ పోసిన దొరా. తప్పు నాది."

చారు పళ్ళెం అప్పుడు గుర్తుకొచ్చింది నాకు. ముందుకు పోయి నోరు విప్పవలసిన దాన్ని, అత్త వెనక్కి పోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఊళ్ళో అందరికంటే పెద్ద నోరు నాదని పేరు. అది పనికొచ్చే ఒక్క రోజున మూసుకుంది.

ఇంటికి వచ్చి మా ఆయన కాళ్ళు కడుక్కోవడానికి బావిలో చేద వేశాడు. గిలక చప్పుడు చేయలేదు. ఆయన ఆగి, గిలకను వేలితో తాకి, వేలు వాసన చూశాడు. తర్వాత నా మోచేతుల వైపు చూశాడు. మడతల్లో ఇంకా నలుపు ఉంది. కాళ్ళు కడుక్కున్నాడు.

మూడో రోజు సామాను ఎడ్లబండిలో వేసుకుని ఇల్లు ఖాళీ చేశాం. అత్త దారి పొడుగునా కొడుకును తిట్టింది, "నూనె పోసుడు రాని మేస్త్రీవి" అని. నేను పక్కనే కూర్చుని విన్నాను. ఆ ఇంట్లోంచి కదిలే ముందు ఆయన కడసారి నీళ్ళు తోడి తాగుతూ, నాకు మాత్రమే వినబడేలా, "గిలకకు మంచి నూనెనే పోసినవు" అన్నాడు. ఆ సంగతి మీద ఆయన జన్మలో అన్న మాట అదొక్కటే. నేను ఆ ఒక్కటి కూడా అనలేదు.

తర్వాత కోంట దారిలో కలప లారీ నడిపాడు. లారీలో నూనె పోసినప్పుడల్లా పుల్ల పట్టుకొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి నాకు చూపించేవాడు. నేను తలూపేదాన్ని. ఆయన లారీ దగ్గరికి వెళ్ళిపోయేవాడు. మేస్త్రీ కంటే ఆయన భార్యకే ఎక్కువ తెలుసని వీధిలో చెప్పుకున్నారు. నేను కాదనలేదు, అదింకో సిగ్గు. ఆయన కన్నుమూశాక పుల్ల చూపించేవాళ్ళు లేరు.

మొన్న సాయంత్రం దీపంలో నూనె పోస్తుంటే పొంగి కింద కారింది. ఈ రాస్తున్న కోడలే చేయి పట్టుకుని, "చాలత్తా, నిండి పొర్లుతాంది, కనబడతలేదా" అంది.

"కనబడతాంది" అన్నాను. "ఉండనియ్యే. మలుపుల కాడికి కావాలె."